టీమ్‌లో గిట్ ఎలా వాడాలి? ఒకరి పని ఇంకొకరు తుడిచేయకుండా

"అన్నా, పుష్ కొడితే రిజెక్టెడ్ అంటోంది." "అన్నా, నిన్న రాసిన కోడ్ కనపడట్లేదు." "కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ క్లోన్ చేసుకోనా?" వారానికి రెండుసార్లయినా ఈ మూడింట్లో ఏదో ఒకటి నా ఫోన్‌కి వస్తుంది. అడిగేవాళ్లలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేసే పిల్లలున్నారు, మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

గిట్ అంటే కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునీ గుర్తుంచుకునే ప్రోగ్రామ్. దాన్ని ఒంటరిగా వాడటం కొంచెం తెలిసి, నలుగురిలో పడ్డాక తడబడేవాళ్ల కోసం ఇది. ఉదాహరణకి మీరు, ఇంకో ఇద్దరు కలిసి మందుల షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకుందాం. కమాండ్లను నోటితో పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అవే మాటలు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, గీతలూ చుక్కలూ ఉన్నచోట ఉన్నట్టే పెట్టండి.

థియరీ ఒక్క ముక్క చాలు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్ పని కోసం గిట్ రాశాడు. దానిలో అసలు కాపీ, నకలు కాపీ అని తేడా లేదు. క్లోన్ చేసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ అప్పటిదాకా జరిగిన చరిత్ర మొత్తం ఉంటుంది. సర్వర్‌లో ఉన్నది అందరం ఒప్పుకున్న ఒక కాపీ, అంతే. ఈ సంగతి ముందు ముందు మన కొంప నిలబెడుతుంది, గుర్తుపెట్టుకోండి. నాలుగు మాటలు కూడా: గిట్ చరిత్ర దాచే ప్రాజెక్టు ఫోల్డర్ రిపో, సర్వర్‌లోని రిపోని మొదటిసారి దించుకోవడం క్లోన్, మార్పుని చరిత్రలో నమోదు చేయడం కమిట్, కమిట్లని సర్వర్‌కి పంపడం పుష్, అక్కడివి తెచ్చి కలుపుకోవడం పుల్.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- గిట్, 2.23 లేదా ఆ తర్వాతి వెర్షన్. స్విచ్, రిస్టోర్ అనే కమాండ్లు 2019లో ఆ వెర్షన్‌తోనే వచ్చాయి. మీ దగ్గర ఏది ఉందో "గిట్ --వెర్షన్" కొడితే తెలుస్తుంది.
- గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ – వీటిలో ఒకదానిలో ఖాతా. టీమంతా ఒకే చోట ఉండాలి.
- ఎస్ఎస్‌హెచ్ కీ గానీ యాక్సెస్ టోకెన్ గానీ (పాస్‌వర్డ్ బదులు మీరెవరో సర్వర్‌కి చూపించేవి). గిట్‌హబ్ 2021 ఆగస్టు నుంచి పుష్‌కి ఖాతా పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదు. "పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా, ఫెయిల్ అంటోంది" అనేవాళ్లందరికీ జవాబు ఇదే.
- బ్రాంచ్ అంటే కోడ్ చరిత్రలో విడిగా సాగే ఒక పాయ, అందరి పనీ చివరికి కలిసేది మెయిన్ బ్రాంచ్. దానిలోకి ఏది వెళ్లాలో, ఏది వెళ్లకూడదో చూసే మనిషి ఒకరు. సీనియరే కానక్కర్లేదు, బాధ్యత తీసుకునేవాళ్లయితే చాలు.

1. మీ పేరు, ఈమెయిల్ చెప్పండి

"గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.నేమ్" తర్వాత మీ పేరు, "గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.ఈమెయిల్" తర్వాత మీ ఈమెయిల్. గిట్‌హబ్ ఖాతాలో ఉన్న ఈమెయిలే ఇవ్వాలి. వేరేది ఇస్తే మీ కమిట్లు మీ ఖాతాకి చేరవు, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు చేసినట్టు కనిపిస్తాయి. కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో అయితే గ్లోబల్ అనే మాట తీసేసి ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే సెట్ చేయండి. లేకపోతే మీ తర్వాత కూర్చున్నవాళ్ల పని కూడా మీ పేరు మీదే పడుతుంది.

2. క్లోన్ చేయండి, జిప్ దించుకోవద్దు

"గిట్ క్లోన్" తర్వాత రిపో చిరునామా. డౌన్‌లోడ్ జిప్ బటన్ నొక్కితే ఫైళ్లు వస్తాయి గానీ చరిత్ర రాదు, అందులోంచి పుష్ చేయలేరు. ఇంకో తప్పు, ప్రాజెక్టుని వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్ సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టడం. ఆ సింక్ ప్రోగ్రామ్ చాటున ఉండే .గిట్ ఫోల్డర్‌లోనూ వేలు పెడుతుంది, రిపో పాడవుతుంది. విండోస్‌లో డెస్క్‌టాప్ కూడా చాలాసార్లు వన్‌డ్రైవ్ కిందే ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

3. మొదటి కమిట్‌కి ముందే ఇగ్నోర్ ఫైలు

రిపో పై ఫోల్డర్‌లో .గిట్ఇగ్నోర్ అనే ఫైలు పెట్టి, లోపలికి రాకూడనివి రాయండి: నోడ్_మాడ్యూల్స్, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్, బిల్డ్ ఫోల్డర్, లాగ్ ఫైళ్లు, ముఖ్యంగా .ఈఎన్‌వి ఫైలు. పాస్‌వర్డ్లు, పేమెంట్ గేట్‌వే కీలు ఉండేది దానిలోనే.

చాలామందికి తెలియని సంగతి: గిట్ అప్పటికే ట్రాక్ చేస్తున్న ఫైలు పేరు ఇగ్నోర్‌లో రాసినా ఏం లాభం లేదు. దాన్ని "గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్ ఫైలుపేరు" అని ముందు ట్రాకింగ్ నుంచి తప్పించాలి. మీ డిస్క్‌లో ఫైలు అలాగే ఉంటుంది. మిగతావాళ్లు పుల్ చేసినప్పుడు మాత్రం వాళ్ల దగ్గర ఆ ఫైలు పోతుంది, ముందే ఒక మాట చెప్పండి.

హెచ్చరిక: కీ ఒకసారి పుష్ అయిపోతే, తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత కమిట్‌లో కనిపిస్తూనే ఉంటుంది. మొదట చేయాల్సింది ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. చరిత్ర కడగడం ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. జనం సరిగ్గా తలకిందులుగా చేస్తారు: రెండు గంటలు చరిత్ర కడుగుతూ కూర్చుంటారు, పాత కీ మాత్రం అలాగే పనిచేస్తూ ఉంటుంది.

ఇక్కడే .గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఇంకో ఫైలు పెట్టి, అందులో "* టెక్స్ట్=ఆటో" అని ఒక్క లైను రాయండి. విండోస్, లైనక్స్ లైను చివర పెట్టే గుర్తులు వేరు. ఈ లైను లేకపోతే ఒక్క అక్షరం మార్చినా 400 లైన్ల ఫైలు మొత్తం మారినట్టు చూపించే రోజు వస్తుంది.

4. మెయిన్ మీద పని చేయొద్దు, బ్రాంచ్ తీయండి

"గిట్ స్విచ్ మెయిన్", "గిట్ పుల్", ఆ తర్వాత "గిట్ స్విచ్ -సి బిల్లు-రౌండింగ్". వరస ముఖ్యం. పుల్ చేయకుండా బ్రాంచ్ తీస్తే వారం కిందటి మెయిన్ మీద ఇల్లు కట్టినట్టే. బ్రాంచ్‌కి మీ పేరు కాకుండా పని పేరు పెట్టండి. ఒక పనికి ఒక బ్రాంచ్, రెండు మూడు రోజుల్లో తిరిగి కలిసిపోవాలి. నెల రోజులు బతికిన బ్రాంచ్‌ని కలపడం పెద్ద తలనొప్పి.

మెయిన్‌లోకి నేరుగా పుష్ కాకుండా రిపో సెట్టింగ్స్‌లో తాళం వేయొచ్చు. ఉచిత ఖాతాలో ప్రైవేట్ రిపోకి ఈ సౌకర్యం లేకపోతే నోటిమాట మీద ఒప్పందం చేసుకోండి.

5. చిన్న చిన్న కమిట్లు

ఫైలు మార్చాక "గిట్ స్టేటస్" కొట్టండి. తర్వాత "గిట్ డిఫ్" చూడండి. ఆ తర్వాతే యాడ్, అంటే తర్వాతి కమిట్‌లోకి ఏవి వెళ్లాలో ఎంచుకోవడం. "గిట్ యాడ్ ." అని చుక్క పెట్టి అన్నీ ఒకేసారి ఎత్తిపోసే అలవాటు మానుకోండి. టెస్టింగ్ కోసం రాసిన ప్రింట్ లైన్లు, డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లు రిపోలోకి చేరేది ఆ చుక్క వల్లే. ఫైళ్ల పేర్లు విడిగా ఇవ్వండి, లేదా "గిట్ యాడ్ -పి" వాడండి. అది మార్పులను ముక్కలు ముక్కలుగా చూపించి, ఇది కావాలా వద్దా అని అడుగుతుంది. కమిట్‌కి ముందు "గిట్ డిఫ్ --స్టేజ్డ్" ఒకసారి.

కమిట్ మెసేజ్‌లో "చేంజెస్", "ఫైనల్", "ఫైనల్ 2" అని రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. "బిల్లు మొత్తాన్ని దగ్గరి రూపాయికి రౌండ్ చేయడం" అని రాయండి. మొదటి లైను 50 అక్షరాల లోపు ఉంచడం వాడుక. ఎందుకు మార్చారో చెప్పాలంటే ఒక ఖాళీ లైను వదిలి కింద రాయండి. తెలుగులో రాసినా గిట్‌కి అభ్యంతరం లేదు, టీమ్‌లో అందరూ చదవగలిగితే చాలు.

ఫైలు పేరే తెలుగులో ఉంటే మాత్రం స్టేటస్‌లో \340\260 అంటూ అంకెల పురాణం కనిపిస్తుంది. కంగారు పడొద్దు, ఫైలు బాగానే ఉంది. "గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్" అని కొడితే తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. తెలుగు వాక్యాలున్న ఫైలును డిఫ్‌లో "బైనరీ" అంటుంటే అది యూటీఎఫ్-16లో సేవ్ అయి ఉండొచ్చు. ఎడిటర్‌లో తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేయండి.

6. రోజూ మెయిన్‌ని మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకోండి

పొద్దున్నే టీ తాగేలోపు అయిపోయే పని: "గిట్ ఫెచ్", తర్వాత "గిట్ మెర్జ్ ఆరిజిన్/మెయిన్". ఫెచ్ సర్వర్‌లోని కొత్త కమిట్లు తెస్తుంది, మెర్జ్ వాటిని మీ బ్రాంచ్‌లో కలుపుతుంది. ఆరిజిన్ అంటే మీరు క్లోన్ చేసిన సర్వర్ రిపో. రోజూ కలిపితే వచ్చే గొడవలు రెండు లైన్లతో పోతాయి.

పని సగంలో ఉండి కమిట్ చేయడం ఇష్టం లేకపోతే "గిట్ స్టాష్ -యు" కొట్టి పక్కన పెట్టి, మెర్జ్ అయ్యాక "గిట్ స్టాష్ పాప్" కొట్టండి. ఆ "-యు" లేకపోతే కొత్తగా సృష్టించిన ఫైళ్లు స్టాష్‌లోకి రావు. స్టాష్‌ని అటక మాత్రం చేయకండి. దానిలో ఏం పెట్టారో శుక్రవారానికి మీకే గుర్తుండదు.

మెర్జా, రీబేసా (మీ కమిట్లని తాజా మెయిన్ పైన మళ్లీ పేర్చడం) అని అడిగేవాళ్లకి నా అభిప్రాయం: టీమ్‌లో అందరికీ చేయి తిరిగేదాకా మెర్జ్ చాలు. చరిత్ర కాస్త గజిబిజిగా ఉంటే కొంపలేం మునగవు. "గిట్ పుల్" కొడితే ఎలా కలపాలో చెప్పమని ఆగిపోతుంటే "గిట్ కాన్ఫిగ్ పుల్.రీబేస్ ఫాల్స్" పెట్టండి, మెర్జ్ పద్ధతిలో పోతుంది.

7. పుష్, పుల్ రిక్వెస్ట్

మొదటిసారి "గిట్ పుష్ -యు ఆరిజిన్ బిల్లు-రౌండింగ్", తర్వాత నుంచి ఉత్త "గిట్ పుష్" చాలు. "రిజెక్టెడ్, ఫెచ్ ఫస్ట్" అని వస్తే మీ దగ్గర లేని కమిట్ ఏదో సర్వర్‌లో ఉందని అర్థం. ముందు పుల్ చేసి, కలిపి, మళ్లీ పుష్ చేయండి.

ఇక్కడే నెట్‌లో వెతికినవాళ్లు "--ఫోర్స్" అనే మాట పట్టుకొస్తారు. నేను కొత్తలో ఉన్నప్పుడు ఒక శుక్రవారం సాయంత్రం ఊరికి బస్సు టైమైపోతోందని మెయిన్ మీద అదే కొట్టి వెళ్లిపోయాను. నా జత పనివాడి రెండు రోజుల కోడ్ సర్వర్ మీద లేకుండా పోయింది. సోమవారం పొద్దున నాకు చెమటలు పట్టాయి గానీ, అతని ల్యాప్‌టాప్‌లో ఆ కమిట్లన్నీ భద్రంగా ఉన్నాయి. అతను నా మార్పులు తెచ్చుకుని తన వాటితో కలిపి పుష్ చేసేసరికి పది నిమిషాలైంది. ప్రతి ల్యాప్‌టాప్‌లో చరిత్ర మొత్తం ఉంటుందని మొదట్లో చెప్పింది ఇందుకే.

మీ సొంత బ్రాంచ్ మీద ఫోర్స్ తప్పనిసరైతే "--ఫోర్స్-విత్-లీజ్" వాడండి. మీరు చివరిసారి చూశాక ఇంకెవరైనా ఆ బ్రాంచ్‌లోకి తోసి ఉంటే అది ఆగిపోతుంది. మెయిన్ మీద మాత్రం ఏ రూపంలోనూ వద్దు.

పుష్ అయ్యాక పుల్ రిక్వెస్ట్ తెరవండి (మీ బ్రాంచ్‌ని చూసి మెయిన్‌లో కలపమని అడగడం, గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ రిక్వెస్ట్ అంటారు). ఏం మార్చారు, ఎలా పరీక్షించాలి, రెండు మూడు లైన్లు రాయండి. 1500 లైన్ల రిక్వెస్ట్ పంపితే ఎవరూ చదవరు, "బాగుంది" అని ఆమోదించేస్తారు. అదే 100 లైన్లయితే పది తప్పులు పడతారు.

8. కాన్‌ఫ్లిక్ట్ వస్తే

అందరూ భయపడేది దీనికే, కానీ అక్కడ పాడైంది ఏమీ లేదు. ఒకే చోట ఇద్దరు రెండు రకాలుగా రాశారు, ఏది ఉంచాలో గిట్‌కి తెలియదు, మిమ్మల్ని అడుగుతోంది. ఫైల్లో ఇలా కనిపిస్తుంది:

<<<<<<< హెడ్
డిస్కౌంట్ = 10
=======
డిస్కౌంట్ = 12
>>>>>>> ఆరిజిన్/మెయిన్

మెర్జ్ చేస్తున్నప్పుడు పైన ఉన్నది మీది, కింద ఉన్నది బయటి నుంచి వచ్చింది. రీబేస్‌లో ఇది తిరగబడుతుంది. మీ కోడ్ కింద ఉంటుంది. రీబేస్ చేస్తూ "నాదే ఉంచు" అనుకుని సొంత పని చెరిపేసుకున్నవాళ్లు చాలామంది.

ఇలా చేయండి. ముందు "గిట్ స్టేటస్" కొట్టి ఏ ఫైళ్లలో గొడవ ఉందో చూడండి. ఒక్కో ఫైలూ తెరవండి. 10 సరా, 12 సరా అన్నది కోడ్ చూస్తే తెలిసేది కాదు, కింది లైను ఎవరు రాశారో "గిట్ లాగ్ ఆరిజిన్/మెయిన్" లో చూసి వాళ్లకి ఫోన్ చేయండి. షాపు ఓనర్ నిన్న 12 చేయమన్నాడేమో! తేలాక సరైన లైను ఉంచి, మూడు గుర్తుల లైన్లూ తీసేసి, "గిట్ యాడ్", "గిట్ కమిట్".

వీఎస్ కోడ్‌లో కరెంట్, ఇన్‌కమింగ్, బోత్ అని బటన్లు వస్తాయి. "బోత్" నొక్కితే గొడవ తీరినట్టే ఉంటుంది, కానీ ఫైల్లో డిస్కౌంట్ 10 అని ఒక లైను, దాని కిందే 12 అని ఇంకో లైను మిగులుతాయి. ఏ ఎర్రరూ రాదు, రెండోదే నడుస్తుంది. బోత్ నొక్కిన ప్రతిచోటా ఇంకోసారి చదవండి.

గుర్తులు ఎక్కడైనా మిగిలిపోయాయా అని "గిట్ డిఫ్ --చెక్" చెబుతుంది, యాడ్ చేసేశాక అయితే దానికి "--స్టేజ్డ్" కూడా కలపండి. మధ్యలో చేతులెత్తేయాలనిపిస్తే "గిట్ మెర్జ్ --అబార్ట్" కొడితే మెర్జ్‌కి ముందున్న స్థితికి వెళ్తారు. అందుకే మెర్జ్‌కి ముందు మీ పని కమిట్ చేసి ఉంచాలి. ఫోల్డర్ డిలీట్ చేయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో ప్యాకేజ్-లాక్ ఫైల్లో (లైబ్రరీల వెర్షన్లు ఎన్‌పీఎమ్ రాసుకునే ఫైలు) కాన్‌ఫ్లిక్ట్ వస్తే చేత్తో సరిచేయకండి. ప్యాకేజ్.జేసన్‌లో గొడవ తీర్చి, "ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్" కొడితే లాక్ ఫైలు మళ్లీ తయారవుతుంది.

ఇంకో రకం ఉంది, ఇది ప్రమాదం. మీ సహోద్యోగి ఒక ఫంక్షన్ పేరు మార్చాడు. మీరు వేరే ఫైల్లో పాత పేరుతో దాన్ని పిలిచారు. రెండూ వేర్వేరు ఫైళ్లు కాబట్టి మెర్జ్ నున్నగా అయిపోతుంది, ప్రోగ్రామ్ మాత్రం నడవదు. గిట్ లైన్లు పోల్చగలదు గానీ అర్థం పోల్చలేదు. మెర్జ్ అయిన ప్రతిసారీ ప్రోగ్రామ్ ఒకసారి నడిపి, ఒక బిల్లు కొట్టి చూడండి.

9. వెనక్కి తీసుకోవడం

మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: పుష్ అయిందా, లేదా?

- కమిట్ చేయలేదు, మార్పులు వద్దు: "గిట్ రిస్టోర్ ఫైలుపేరు". జాగ్రత్త, కమిట్ కాని మార్పుని గిట్ తిరిగి ఇవ్వలేదు.
- యాడ్ చేశారు, తీసేయాలి: "గిట్ రిస్టోర్ --స్టేజ్డ్ ఫైలుపేరు". మార్పు పోదు.
- కమిట్ చేశారు, పుష్ చేయలేదు, మెసేజ్ తప్పు లేదా ఒక ఫైలు మరిచారు: "గిట్ కమిట్ --అమెండ్".
- పుష్ అయిపోయింది: "గిట్ రివర్ట్ కమిట్‌నంబర్". ఇది పాతదాన్ని చెరపదు, దానికి వ్యతిరేకమైన కొత్త కమిట్ చేస్తుంది. ఎవరి కాపీ చెదరదు. మెర్జ్ కమిట్‌ని రివర్ట్ చేయాలంటే "-ఎమ్ 1" కూడా కలపాలి.

"రీసెట్ --హార్డ్" (బ్రాంచ్‌ని పాత కమిట్‌కి జరిపేసే కమాండ్) కొట్టి కమిట్లు పోగొట్టుకున్నారా? "గిట్ రెఫ్‌లాగ్" కొట్టండి. మీరు ఈమధ్య ఎక్కడెక్కడ నిలబడ్డారో మొత్తం చిట్టా ఉంటుంది. పోయిన కమిట్ నంబర్ అక్కడ దొరుకుతుంది, "గిట్ బ్రాంచ్ రక్షణ ఆనంబర్" అంటే అది ఒక బ్రాంచ్‌గా తిరిగొస్తుంది. సెట్టింగ్స్ మార్చకపోతే ఇలాంటి కమిట్లు కనీసం 30 రోజులు ఉంటాయి. ఈ చిట్టా మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. కంగారులో ఫోల్డర్ డిలీట్ చేశారో, అదీ పోతుంది.

10. పని సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది?

"గిట్ ఫెచ్" చేసి "గిట్ లాగ్ --వన్‌లైన్ --గ్రాఫ్ --ఆల్" కొడితే మీ బ్రాంచ్ మెయిన్‌లో కలిసిందో లేదో గీతల్లో కనిపిస్తుంది. "గిట్ స్టేటస్" లో వర్కింగ్ ట్రీ క్లీన్ అని రావాలి.

కానీ నేను నమ్మే పరీక్ష వేరే. ఇంకో ఖాళీ ఫోల్డర్‌లో రిపోని కొత్తగా క్లోన్ చేసి, రీడ్‌మీలో రాసినట్టే ఇన్‌స్టాల్ చేసి, ప్రోగ్రామ్ నడపండి. "నా సిస్టమ్‌లో పని చేస్తోందే!" అన్న మాటలో నిజమెంతో అక్కడ తేలుతుంది. కొత్త కాపీలో నడవకపోతే అవసరమైన ఫైలు ఏదో మీ పాత ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. పాత ఫోల్డర్‌కి వెళ్లి స్టేటస్‌లో "అన్‌ట్రాక్డ్" జాబితా చూడండి. అక్కడ లేకపోతే "గిట్ స్టేటస్ --ఇగ్నోర్డ్" చూడండి. ఏ ఇగ్నోర్ లైను దాన్ని ఆపుతోందో "గిట్ చెక్-ఇగ్నోర్ -వి ఫైలుపేరు" చెబుతుంది. ఖాళీ ఫోల్డర్ రాలేదంటారా, గిట్ ఖాళీ ఫోల్డర్లను పట్టించుకోదు. లోపల .గిట్‌కీప్ అని ఒక ఖాళీ ఫైలు పెట్టి యాడ్ చేయండి. విండోస్‌లో నడిచి లైనక్స్ సర్వర్ మీద మాత్రం ఫైలు దొరకడం లేదంటే, పేరులో క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా ఉందేమో చూసి "గిట్ ఎమ్‌వి" తో సరిచేయండి.